తొర్ర చెట్టు, ఉడత వేట

డ్యూటీ దిగి వింటున్నవాళ్ళు కాస్త టీ పెట్టుకోండి, ఈవారం ఉడతల ముచ్చట.

మేముండే మిస్సోరీలో ఉడతను వేటాడి తింటారు. మే నాలుగో శనివారం నుంచి ఫిబ్రవరి 15 దాకా సీజన్. లైసెన్సు ఉంటే రోజుకు 10 కొట్టుకోవచ్చు. మన ఉడతలకున్న రాముడి చారలు వీటికి లేవు. బూడిద రంగుది అరకిలో ఉంటుంది, దానికి చిక్కటి అడవి కావాలి. ఫాక్స్ స్క్విరల్ ఇంకా పెద్దది, చేల అంచున చెట్లు పలచగా ఉన్నచోట తిరుగుతుంది.

నేను వేటకు పోలేదు, కట్టెలకు పోయాను. మా వేర్‌హౌస్‌లో ఒక పెద్దాయనకు కొంచెం అడవి ఉంది. ఓ ఫిబ్రవరి శనివారం నేనూ రూమ్మేటూ వెళ్ళాం. సగం ఎండిన ముసలి ఓక్ కనిపిస్తే, ఆయన్ని అడక్కుండానే కోసేశాను. కిందపడి తొర్ర పగిలింది. లోపల కళ్ళు తెరవని పిల్లలు మూడు. ఒకటి చచ్చిపోయింది.

పెద్దాయన తిట్టలేదు. మిగతా రెండింటినీ ఆ గూటి ఆకులతోనే పక్క చెట్టు మొదట్లో పెట్టి, మమ్మల్ని దూరంగా కూర్చోబెట్టాడు. చాలాసేపటికి తల్లి వచ్చి ఒక్కోదాన్ని నోట కరుచుకుపోయింది.

అప్పుడు చెప్పాడాయన: "చిన్నప్పటి నుంచి ఉడతల్ని కొడుతున్నా. తుపాకీతో తగ్గేవి కొన్నే. కాయలు లేని ఏడు, తొర్రలు లేని అడవి, ఆ రెండే వీటిని ఖాళీ చేస్తాయి."

ఓక్, హికరీ కాయలే వీటి చలికాలపు గ్రాసం. ఎర్ర ఓక్ కాయ వసంతం దాకా మొలకెత్తదు కాబట్టి దాన్ని పాతిపెట్టుకుంటాయి. తెల్ల ఓక్ కాయ రాలగానే మొలకేస్తుంది, అందుకే చాలావరకు అప్పుడే తినేస్తాయి, లేదా మొలక కొరికేసి దాస్తాయి. మర్చిపోయినవే రేపటి చెట్లు. ఓక్ బాగా కాపుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది, పిల్లలు పట్టేంత తొర్ర పడటానికి ఇంకా ఎక్కువ. నేను దాన్ని పది నిమిషాల్లో పడేశాను.

ఇప్పుడు కూడా కట్టెలకు పోతాను. ముందు తలెత్తి తొర్ర ఉందేమో చూస్తాను, తర్వాత స్థలం ఆయన్ని అడుగుతాను, ఆ తర్వాతే చైన్ సా. మీలో ఎవరైనా అలాంటి పనికి పోతుంటే, మీరూ ఒకసారి పైకి చూడండి.

వచ్చేవారం కలుద్దాం. జాగ్రత్త.