అయిదు గంటల కాపీ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చారు.)



కంప్యూటరు గురించి ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను. 1972లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా బయటపడ్డ గుమస్తాను. ఇప్పుడు డెబ్బై అయిదు నిండాయి. నాకు తెలిసిన విద్య ఒక్కటే, కాగితాన్ని జాగ్రత్త పెట్టడం. ఆ విద్యలో నేనొకసారి తప్పాను. ఆ తప్పు మూలానే ఈ నెట్‌వర్క్ కార్డు అనే వస్తువుతో నాకు పరిచయమైంది. కాబట్టి ముందు తప్పు సంగతి చెప్పుకుంటాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటిన రోజు. అప్పటికి నేను మన శాఖ కార్యదర్శిని. సంఘానికి సొంత గది లేదు గనక సభ్యుల కాగితాలన్నీ పెదవాల్తేరులో మా ఇంట్లో రెండు ట్రంకు పెట్టెల్లో ఉండేవి. పి.పి.ఓ. నకళ్ళు, సర్వీసు రిజిస్టరు పేజీల కాపీలు, కుటుంబ వివరాల పత్రాలు, ఉమ్మడి ఫొటోలు. మధ్యాహ్నానికి మా సముద్రం వైపు కిటికీ చెక్కతో సహా ఊడి గదిలోకి వచ్చిపడింది. వాన అడ్డంగా కొట్టింది. పెట్టెలు మంచం కింద ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాను. నీళ్ళు కింది నుంచే వచ్చాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫాను లేదు. మా ఆవిడా నేనూ తాళ్ళు కట్టి, చీరలు ఆరేసినట్టు కాగితాలు ఆరేశాం.

ఆరినవాటిని స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టాలని అప్పుడే తీర్మానించుకున్నాను. రిటైరయ్యాక కొన్న కంప్యూటరు ఒకటి కింద నా గదిలో ఉంది. మేడ మీద మా మనవడి కంప్యూటరు ఇంకొకటి. రెంటికీ మధ్య ఒక నెట్‌వర్క్ తీగ. స్కాన్ చేసినవన్నీ నా దాంట్లో ఒక ప్రతి, మేడ మీద ఒక ప్రతి ఉండాలని నియమం. శనివారం శనివారం కాపీ తీయాలని కూడా నియమం. నియమాలు పెట్టడంలో మనకు సాటి ఎవరు!

ఇక్కడొక అజ్ఞానం చెప్పాలి. స్కానరులో ఎంత పెద్ద అంకె పెడితే అంత మంచిదనుకుని అంగుళానికి 600 చుక్కల చొప్పున, రంగుల్లో, ఏమీ కుదించకుండా స్కాన్ చేశాను. అలా చేస్తే మామూలు ఎ4 కాగితం ఒక్కటే 100 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. రెండు వేల పేజీలకు 200 గిగాబైట్లయింది. 300 చుక్కలతో, జేపెగ్ పద్ధతిలో చేస్తే పేజీ ఒకటి రెండు మెగాబైట్లతో సరిపోతుంది, అక్షరం స్పష్టంగానే ఉంటుంది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. అప్పుడు చెప్పేవారు లేరు. ఉన్నా నేను వినేవాణ్ణి కాదేమో.

ఆ 200 గిగాబైట్లు కింద నుంచి మేడ మీదకు వెళ్ళడానికి అయిదు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు ఒక్కసారి కన్ను కొట్టిందంటే మళ్ళీ మొదటి నుంచీ. కొత్తవి మాత్రమే పంపితే చాలదా అని మీలో తెలిసినవారు అనుకుంటూ ఉంటారు. చాలును. ఆ కిటుకు నాకు తెలియదు. పైగా ఫోల్డర్లను ఓసారి శాఖల వారీగా, ఓసారి అక్షర క్రమంలో సర్దుతూ ఉండేవాణ్ణి గనక ప్రతిసారీ అన్నీ కొత్తవే అయ్యేవి.

2019 వేసవి. తడిసినప్పుడు ఒకదానికొకటి అంటుకుపోయిన కట్ట ఒకటి మిగిలిపోయింది. దాన్ని విప్పడానికి భయపడి అయిదేళ్ళు పక్కన పెట్టాను. ఆ వేసవిలో ధైర్యం చేసి, ఒక్కొక్క కాగితం విడదీసి స్కాన్ చేశాను. మొత్తం 46 పేజీలు. స్కానరు మీంచి తీస్తుంటేనే కాగితం అప్పడంలా విరిగిపోయేది. ఆ శనివారం పెళ్ళికి వెళ్ళాను, కాపీ తీయలేదు. తర్వాతి శనివారం ఎండ, అయిదు గంటలు ఎవరు కూర్చుంటారు అని తీయలేదు. మూడో శనివారం ఎందుకు తీయలేదో జ్ఞాపకం కూడా లేదు. ఆ సోమవారం నా కంప్యూటరులో డిస్కు టిక్కు టిక్కుమంటూ శబ్దం చేసి ఆగిపోయింది. బాగు చేయించడానికి తీసుకెళ్ళిన చోట, లోపల ఏమీ మిగల్లేదన్నారు.

మేడ మీద ప్రతిలో పాతవన్నీ ఉన్నాయి. ఆ 46 పేజీలు మాత్రం లేవు.

అందులో ఒకటి మన సభ్యులొకరి కుటుంబ వివరాల పత్రం, ఉమ్మడి ఫొటోతో సహా. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను రావాలి. పి.పి.ఓ.లో ఆమె పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది, పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. ఆ పత్రం ఒక్కటి చూపిస్తే అయిపోయే పని. అది లేక, పాత రికార్డు గదిలో వెతికించి, అఫిడవిట్లు రాయించి, గెజిటెడ్ సంతకాలు పెట్టించి అంతా తేలేసరికి 11 నెలలు పట్టింది. ఆ కార్యాలయం పేరు చెప్పను, అక్కడున్నవారూ మనలాంటి గుమస్తాలే. ఆ 11 నెలలూ ఆవిడ తమ్ముడింట్లో ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. "మీరేం చేస్తారు అన్నయ్యగారూ, తుపాను కదా" అన్నారు. తుపాను కాదు. మూడు శనివారాలు.

అప్పట్నుంచి నాకొక సంగతి బుర్రలో తిరుగుతూ ఉండేది. మన రోజుల్లో టైపు మిషను మీద ఒక కాగితం కొడితే కింద కార్బన్ పెట్టి మూడు నకళ్ళు తీసేవాళ్ళం. ఆ నకలు తీయడం ఎప్పుడైనా వాయిదా వేశామా? లేదు. ఎందుకంటే అది అసలుతో పాటే తయారయ్యేది. నకలు తీయడానికి మళ్ళీ అయిదు గంటలు కూర్చోవాలంటే మన ఆఫీసుల్లో ఆఫీసు కాపీ అనేదే ఉండేది కాదు. నేను బద్ధకస్తుణ్ణే, ఒప్పుకుంటాను. కానీ బద్ధకస్తుడు కూడా చేయగలిగేలా ఉండాలి ఆ పని.

2021లో, కరోనా రెండో విడత తగ్గాక, దీని సంగతి తేల్చాలని కూర్చున్నాను. మనవడు అప్పటికి హైదరాబాదులో ఉద్యోగం. ఫోనులో చెప్పాడు, "తాతయ్యా, నీ కంప్యూటరులో ఉన్నది పాతకాలపు 100 మెగాబిట్ల కార్డు. వెయ్యిది పెట్టించుకో" అని. ఇక్కడ బిట్టు వేరు, బైటు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల కార్డు అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు దాటదు, చేతికి వచ్చేసరికి పదకొండే. అర్ధశేరు, శేరు కొలతలు తెలిసిన మనకు ఇదేం కష్టం కాదు. కంపెనీలు బిట్లలో చెబుతాయి, అలా చెబితే అంకె పెద్దగా కనిపిస్తుంది.

ఈ విద్యకు ఈథర్‌నెట్ అని పేరు. 1973 మే నెలలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్ అనే ఆయన ఒక ఆఫీసు మెమో రాశారు. చూశారా, ఇదీ మెమోతోనే మొదలైంది. మొదట సెకనుకు మూడు మెగాబిట్లలోపే. 1995లో 100 మెగాబిట్లు, 1999లో మామూలు రాగి తీగ మీదే వెయ్యి మెగాబిట్లు ప్రమాణంగా వచ్చాయి. అంటే నేను పదేళ్ళ తర్వాత కొన్న కంప్యూటరులో కూడా చవకగా ఉంటుందని పాతదే పెట్టి అమ్మారన్నమాట.

ద్వారకానగర్ వెళ్ళి ఆరువందల యాభై రూపాయలకు కార్డు కొన్నాను. అరచేతిలో పట్టేంత ముక్క. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పక్క రేకు విప్పి, లోపల పొట్టి గాడిలో దాన్ని నిలువుగా నొక్కి, ఒక స్క్రూ బిగించాను. నా చేతులు వణుకుతాయి గనక స్క్రూ రెండుసార్లు లోపల పడింది. మా ఆవిడ టార్చి పట్టుకుంది. వ్యాఖ్యానం కూడా చేసింది, అది ఇక్కడ అవసరం లేదు.

అంతా చేసి వేగం చూస్తే 100. ఏ మార్పూ లేదు!

మోసపోయాననుకున్నాను. రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే మన పాత పద్ధతి గుర్తొచ్చింది. ఫైలు కదలకపోతే మనం ఏం చేసేవాళ్ళం? ఎక్కడి నుంచి బయల్దేరింది, ఏ బల్ల మీదకు వెళ్ళింది, ఎవరి దగ్గర ఆగింది అని వరసగా వెళ్ళి చూసేవాళ్ళం. అయిదు బల్లల్లో నలుగురు చురుకైనవాళ్ళున్నా, ఒక్కాయన సొరుగులో పెట్టుకుంటే ఫైలు ఆయన వేగంతోనే నడుస్తుంది. మన రేవులోనూ అంతే. లోపలి రేవులో ఎన్ని క్రేన్లున్నా, డాల్ఫిన్ నోస్ పక్కనున్న ప్రవేశ కాలువలో పట్టే ఓడే లోపలికి రాగలదు. పెద్ద ఓడల కోసం బయటి రేవు కట్టుకోవలసి వచ్చింది, అది 1976లో మొదలైంది.

పొద్దున్నే నా కార్డు నుంచి బయల్దేరాను. తర్వాతి బల్ల తీగ. ఆ తీగలో ఎనిమిది సన్నని రాగి పోగులుంటాయి, జంటలు జంటలుగా మెలివేసి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు. 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలు. వెయ్యికి నాలుగు జంటలూ కావాలి. తీగ వేసిన కుర్రాడు రెండు జంటలే ప్లగ్గులో పెట్టి, మిగతా రెండూ కత్తిరించేశాడు. అప్పటికి పని జరిగిపోయింది కదా! ఇంకో సంగతి, గోడ బయట మేడ మీదకు వెళ్ళే చోట ప్లగ్గు పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. సముద్రం ఒడ్డున కాపురం, ఉప్పుగాలి దేన్ని వదిలింది? కిటికీ ఊచల్నే తినేస్తుంది.

కేబులు పని తెలిసిన ఒకబ్బాయిని పిలిచాను. "మాస్టారూ, ఇవేటి సగం తీగలే కట్టారు" అని నవ్వి, పావుగంటలో రెండు కొసలకూ కొత్త ప్లగ్గులు, ఎనిమిది పోగులతో నొక్కిచ్చాడు. ఆ పటకారు ఎలా వాడాలో నాకూ నేర్పాడు. నేనూ ఒకటి కొనుక్కున్నాను.

వేగం చూస్తే మళ్ళీ 100.

ఇక మిగిలిన బల్ల ఒక్కటే. రెండు తీగలూ వచ్చి కలిసే ఇంటర్నెట్టు పెట్టె. దాని వెనుక తీగ గుచ్చే కంతలన్నీ 100వే. దాన్ని మార్చలేదు, దాని మానాన దాన్ని ఉంచి, పక్కన పదకొండు వందల యాభై రూపాయల చిన్న స్విచ్చు పెట్టి, రెండు కంప్యూటర్ల తీగలూ దాంట్లో గుచ్చాను. అప్పుడు తెర మీద 1.0 జీబీపీఎస్ అని వచ్చింది. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "అంటే ఏమిటి?" అంది. "ముప్పావు గంట" అన్నాను.

నిజంగానే 200 గిగాబైట్లూ ముప్పావు గంటలో మేడ మీదకు వెళ్ళాయి. లెక్క ప్రకారం అరగంటే పట్టాలి. కానీ ఇప్పుడు నా డిస్కు వెనకబడింది, తిరిగే డిస్కు గనక అంతకంటే వేగంగా చదివి ఇవ్వలేదు. దాన్ని ఇక మార్చను. ముప్పావు గంటంటే పేపరు చదివేంత సేపు.

ఇది విని రేపే అందరూ కార్డులు కొనేయకండి. దీనివల్ల మీ ఇంటర్నెట్టు వేగం పెరగదు. మాది నెలకింతని కట్టే 40 మెగాబిట్ల కనెక్షను, అది ఈనాటికీ 40వే. అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడాలన్నా, 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఇంటి నుంచి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలన్నా ఈ కార్డుతో పని లేదు. ఇంట్లోనే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి బరువైన సరుకు మోసేవారికే ఇది. కొన్నా, ముందు తీగ, పెట్టె చూసుకుని తర్వాత కార్డు కొనండి. నేను తలకిందుగా కొన్నాను.

రెండు ప్రతులూ ఒకే ఇంట్లో ఉంటే మళ్ళీ హుద్‌హుద్ వస్తే ఏం చేస్తారని పోయినసారి ఒక మిత్రులు అడిగారు. సరైన ప్రశ్నే. చేతిలో పట్టే డిస్కు మీద మూడో ప్రతి గాజువాకలో మన కోశాధికారిగారింట్లో ఉంది. మూడు నెలలకోసారి మారుస్తాం. ఆన్‌లైనులో పెట్టమని మనవడంటాడు. అందులో మీ అందరి ఆధార్ నకళ్ళు ఉన్నాయి, మిమ్మల్ని అడగకుండా పెట్టను.

నా పాత కంప్యూటరు సంగతి కూడా. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీవారి ఆదరణ ముగిసింది. దానికీ నాకూ ఒకేసారి వయసు మీద పడింది. అందుకని దాన్ని ఇంటర్నెట్టు నుంచి తప్పించి, స్విచ్చు మీద మేడకు మాత్రమే కలిపి ఉంచాను. మేడ మీదిది కొత్త విండోస్‌కు మారింది.

ఇక పని మాట. కుటుంబ పెన్షనుకు సంబంధించి మీ దగ్గరున్న కాగితాలు, ముఖ్యంగా పి.పి.ఓ., ఉమ్మడి ఫొటో, భార్యాభర్తల పుట్టిన తేదీల రుజువులు తీసుకురండి. శనివారాలు పది నుంచి పన్నెండు దాకా నేను ఇంట్లో ఉంటాను. స్టేపిలు పిన్నులు తీసి తెండి. స్కాన్ చేసి అసలు అప్పటికప్పుడే మీ చేతికిస్తాను. పేర్లలో అక్షరాలు ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో అక్కడే కూర్చుని చూసుకుందాం. తేడా ఉంటే ఇద్దరూ ఉన్నప్పుడే దిద్దించుకోవాలి. పన్నెండింటికి కాపీ మొదలవుతుంది, మీరు కాఫీ తాగి బయల్దేరేసరికి మీ కాగితం మేడ మీదకు చేరుతుంది. కాఫీ సంగతి మా ఆవిణ్ణి అడిగే చెబుతున్నాను.