రద్దయిన కర్మాగారం, రద్దు కాని ప్రశ్నలు
(ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో అల్యూమినియం ప్రసక్తి ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. గనికీ కర్మాగారానికీ నడుమ ఉన్నది మన రైలుమార్గమే. అందుచేత ఈ విషయం మనది కూడా.

ఝార్ఖండ్‌లోని మూరి జంక్షన్ రైల్వే సోదరులకు సుపరిచితమైనదే. అక్కడి అల్యూమినా కర్మాగారం 1948 నాటిది. ఆ ప్రాంతంలోనే, సోనాహాతు వద్ద, ఏటా 3 లక్షల 59 వేల టన్నుల లోహం తీసే స్మెల్టరును, దాని కొరకు 900 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని నిర్మించాలని హిందాల్కో సంస్థ 2000 దశకంలో సంకల్పించినది. దాదాపు ఇదే కొలతతో తలపెట్టిన మరి రెండు కర్మాగారాలు, మధ్యప్రదేశ్‌లో మహాన్, ఒడిశాలో ఆదిత్య, నిర్మాణమై లోహం తీస్తున్నవి. సోనాహాతు మాత్రం కాగితం దాటలేదు.

స్మెల్టరుకు సొంత విద్యుత్ కేంద్రం ఎందుకు? టన్ను అల్యూమినియానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావలెను. లోహపు తొట్లు 950 డిగ్రీలకు పైబడిన వేడిలో రాత్రింబగళ్లు నడవాలి. కొన్ని గంటలపాటు కరెంటు ఆగినచో తొట్లలోని లోహం గడ్డకట్టిపోవును.

ఈ లెక్కన సోనాహాతుకు ఏటా 500 కోట్ల యూనిట్లు అవసరమయ్యేవి. యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున వేసుకొన్నా 35 లక్షల టన్నుల బొగ్గు. అనగా రోజుకు రెండు మూడు గూడ్సు రేకులు. ఆ రేకులను నడిపే డ్రైవరు, పాయింట్స్‌మన్, ట్రాక్‌మన్ మన సభ్యులే. ఈ భారానికి అదనపు లైన్లు ఎన్ని, అదనపు సిబ్బంది ఎందరు అనునది ఒప్పందాలు కుదిరేనాడే అడుగవలసిన ప్రశ్న.

ఆ బొగ్గు లాతేహార్ జిల్లాలోని తుబేద్ గని నుండి రావలసి ఉండెను. హిందాల్కోకు, టాటా పవర్‌కు ఉమ్మడిగా ఆ గనిని కేటాయించారు. 2014 ఆగస్టు 25న సుప్రీంకోర్టు, 1993 నుండి జరిగిన బొగ్గు గనుల కేటాయింపులు అక్రమమని తీర్పు చెప్పినది. సెప్టెంబరు 24న నాలుగింటిని మినహాయించి తక్కిన వాటిని రద్దు చేసినది. తుబేద్ కూడా అందులో పోయినది.

మిత్రులారా, ఇచ్చట గమనింపదగిన సంగతి ఒకటున్నది. గని కేటాయింపు రద్దయినది గాని బొగ్గు రద్దు కాలేదు. ఆ గని తరువాత ప్రభుత్వరంగ సంస్థయైన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చేతికి వచ్చినది, తవ్వకమూ మొదలైనది. ప్రభుత్వరంగానికి వచ్చినందుకు మనం సంతోషిస్తాము. అయితే భూమి పోయేవానికి యజమాని పేరు మారినంత మాత్రాన కష్టం మారదు. పునరావాసం, ఉద్యోగం, కాంట్రాక్టు కూలీకి న్యాయమైన వేతనం ప్రైవేటు యజమానిని అడిగినంత గట్టిగానే ప్రభుత్వ యజమానినీ అడగాలి.

ఒక కర్మాగారం ఆగిపోతే పండుగ చేసుకొనేవారున్నారు, పరిశ్రమ పోయెనని విలపించేవారూ ఉన్నారు. ఉద్యోగం వస్తుందని ఎదురుచూచిన యువకుడు మనవాడే. భూమి ఎప్పుడు పోవునో తెలియక దిగులుపడిన రైతూ మనవాడే. వారిద్దరినీ ఒకరిపై ఒకరిని ఎగదోయడం యాజమాన్యాలకు పరిపాటి. ఆ ఉచ్చులో కార్మికోద్యమం పడరాదు.

కావున మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. ఒప్పందంపై సంతకానికి ముందే బొగ్గు ఎక్కడిది, నీరు ఎక్కడిది, స్థిరమైన ఉద్యోగాలెన్ని అనునవి గ్రామసభ ముందు, స్థానికుల భాషలో ఉంచాలి. పథకానికి గడువు ఉండాలి. తీసుకొన్న భూమి ఐదేళ్లు వాడకుండా పడి ఉన్నచో హక్కుదారులకుగాని ప్రభుత్వ భూనిధికిగాని చెందాలని 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షను చెప్పుచున్నది. అది భూనిధికి కాక రైతుకే చేరాలని మనం పట్టుబట్టాలి.

ప్రతి డివిజన్ శాఖ తన పరిధిలో తలపెట్టిన, ఆగిపోయిన భారీ పథకాల జాబితా తయారుచేయవలెనని కోరుచున్నాను. మారుమూల గ్రామాల సంగతి తపాలా సోదరులకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. సరకు రవాణా సంగతి రైల్వే సోదరులకు తెలుసు. ఈ రెండు జ్ఞానాలు కలిసిననాడు, మనకు తెలియకుండా మన పేర ఏ ఒప్పందమూ సాగదు.