సమ్మర్‌లో రన్నింగ్: నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై పడిపోయాను!

 

కిందటేడాది మే నెల. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటల లాంగ్ రన్ చేశాను. మా విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద అటూ ఇటూ, తర్వాత ఘాట్ల పక్క రోడ్డు. మా తమ్ముడు స్కూటీ మీద వెంటే వచ్చి బాటిల్స్ అందించాడు. "ఎండ అన్నయ్యా, తాగు తాగు" అంటూనే ఉన్నాడు. లీటర్ బాటిల్స్ ఐదు ఖాళీ చేశాను. అన్నీ మామూలు నీళ్లే.

ఇంటికొచ్చిన అరగంటకి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. వేలికున్న ఉంగరం బిగుసుకుపోయింది. మా అమ్మ వడదెబ్బ అనుకుని ఇంకో చెంబు నీళ్లు తెచ్చింది. హాస్పిటల్‌కి వెళ్తే రక్త పరీక్షలో సోడియం 129. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. డాక్టర్ గారు ఒక్కటే అడిగారు: "ఎన్ని నీళ్లు తాగావు?"

అంటే నేను పడిపోయింది నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. చెమటలో ఉప్పు పోతోంది, పైనుంచి నేను ఉత్త నీళ్లు పోస్తున్నాను. రక్తంలో ఉప్పు పల్చబడిపోయింది. దీన్ని హైపోనాట్రీమియా అంటారు. ముదిరితే మెదడు వాస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది.

అందుకే ఈ ఏడాది ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ కోసం ట్రైనింగ్ మొదలుపెట్టినప్పుడు, ఊహల మీద కాకుండా లెక్క చూసి వెళ్దామనుకున్నా. నాలుగు వారాలు, వారానికి ఒక్క మార్పు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా.

మొదటి వారం: చెమట లెక్క. దీనికి ఇంట్లో బరువు చూసే మెషీన్ చాలు. పరుగుకి ముందు బాత్రూంకి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూశా: 68.4 కిలోలు. గంట పరిగెత్తా, మధ్యలో అర లీటర్ తాగా. వచ్చి చెమట తుడుచుకుని చూస్తే 67.6. తగ్గింది 800 గ్రాములు, తాగింది 500. మొత్తం కలిపితే గంటకి 1.3 లీటర్ల చెమట! అదే డిసెంబర్లో చూస్తే 700 మిల్లీలీటర్లే.

మరి 1.3 పోయిందని గంటకి 1.3 తాగాలా? అక్కర్లేదు. ఒంటి బరువులో రెండు శాతం వరకు తగ్గినా పెద్ద ఇబ్బంది ఉండదు. నా బరువుకి అది కిలో 300 గ్రాములకి పైనే. దాహం వేసినప్పుడు రెండు మూడు గుక్కలు, గంటకి 700 మిల్లీలీటర్ల చుట్టూ సరిపోయింది. ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి: పరుగు తర్వాత బరువు పెరిగిందంటే మీరు ఎక్కువ తాగినట్టే. ఇవి నా అంకెలు, మీవి వేరుగా ఉంటాయి. పక్కవాడిది కాపీ కొట్టకండి.

రెండో వారం: ఏం తాగాలి? కొబ్బరి నీళ్లు నాకు ప్రాణం. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. సో, కొబ్బరి బోండాం పరుగయ్యాక హాయిగా తాగండి, పరుగులో దాన్నే నమ్ముకోకండి.

ఓఆర్ఎస్ సంగతి. మెడికల్ షాపులో దొరికే అసలు ప్యాకెట్లలో 20.5 గ్రాములది సరిగ్గా ఒక లీటర్ నీళ్లకి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసుందో లేదో చూడండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి జ్యూసులు చాలా ఏళ్లు అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకానికి అడ్డుకట్ట వేసింది. ప్యాకెట్ లేకపోతే లీటర్ నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, అన్నీ తలకొట్టి. నేను నిమ్మకాయ కూడా పిండుతా. గంటలోపు పరుగైతే ఇదంతా అక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు విషయంలో డాక్టర్‌ని అడగాల్సిందే.

మూడో వారం: ఏం తినాలి? గంటన్నర దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ కావాలి. జెల్ ట్రై చేశా. ఒక్కోదాంట్లో 20, 25 గ్రాములు ఉంటాయి. చలికాలంలో బాగానే పడింది, మేలో కడుపులో తిప్పేసింది. ఎందుకంటే ఎండలో రక్తం కండరాలకీ చర్మానికీ పోతుంది, పొట్టకి మిగిలేది తక్కువ. చిక్కటి జెల్ అరగదు. నీళ్లతో కొంచెం కొంచెంగా తీసుకుంటే పర్లేదనిపించింది. పల్లీ చిక్కీ ఫెయిల్. నోరు ఎండిపోయి ఉంటే ఏం నములుతాం? చివరికి నిలిచింది ఖర్జూరం. గింజ తీసిన చిన్న ఖర్జూరాలు నాలుగు తింటే దాదాపు ఒక జెల్ కిందే లెక్క. బయల్దేరే ముందు ఒక అరటిపండు. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ, ఇడ్లీ. అంతే.

నాలుగో వారం: బట్టలు, సామాన్లు. కాటన్ టీషర్ట్ పొడిగా 180 గ్రాములు, పరుగయ్యాక తూస్తే 410. తడి గోనెసంచి మోసినట్టే! డ్రైఫిట్‌ది 110 నుంచి 190కి వచ్చింది. రాపిడి దగ్గర, అంటే తొడలు, చంకల దగ్గర వ్యాజిలీన్ తప్పనిసరి. చేతులకి వేసుకునే కూలింగ్ స్లీవ్స్ కొన్నా, డబ్బు దండగ. కారణం చెప్తా. చెమటైనా తడి బట్టయినా ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. మా విజయవాడ ఉక్కపోతలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది, ఇక ఆవిరెక్కడ? కారిపోవడమే. గాలి పొడిగా ఉండే ఊళ్లో అవే బాగా పనిచేయొచ్చు. ఉక్కపోతలో పనికొచ్చింది ఐసు. రాత్రి సగం బాటిల్ గడ్డకట్టించి, పొద్దున మిగతాది నింపుకోవడం. రుమాల్లో నాలుగు ఐసు ముక్కలు కట్టి మెడ వెనక పెట్టుకోవడం. ఖర్చు సున్నా.

మొత్తం ఆరు వేల రెండొందలు పెట్టి కొన్నవాటిలో ఇప్పటికీ వాడుతున్నవి మూడే: డ్రైఫిట్ టీషర్ట్, టోపీ, బాటిల్ బెల్ట్.

కానీ వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఏంటో తెలుసా? స్లో అవ్వడం. చలికాలంలో కిలోమీటర్ ఆరు నిమిషాల్లో పరిగెత్తేవాణ్ణి, మేలో ఏడుకి దించా. మొదట్లో సిగ్గేసింది, యాప్‌లో అందరూ చూస్తారని. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మనమెంత? ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపు రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏ ప్యాకెట్టూ ఇవ్వలేని గేర్ ఇది.

ఇది చూస్తున్నవాళ్లలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. 1600 మీటర్లకి ఖర్జూరం, ఓఆర్ఎస్ బాటిల్ మోయనక్కర్లేదు. కానీ ఈ రెండు వారాల అలవాటు మీకే ఎక్కువ అవసరం. నెలల తరబడి స్టడీ హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని, ఈవెంట్స్‌కి మూడు రోజుల ముందు గ్రౌండ్‌కి వెళ్లి ప్రాణం పెట్టి పరిగెత్తకండి.

పక్కన పరిగెత్తేవాళ్లు తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది అలసట అనుకోవద్దు. వడదెబ్బ అయ్యుండొచ్చు. నీడకి లాగండి, బట్టలు వదులు చేయండి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోయండి, విసరండి, 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.

మా తమ్ముడు ఇప్పటికీ స్కూటీ మీద వస్తున్నాడు. "తాగు తాగు" అనడం మానేశాడు. "దాహంగా ఉందా అన్నయ్యా?" అని అడుగుతున్నాడు. తేడా అంతే, ఫ్రెండ్స్.

ఈ ఆదివారం మీరు చేయాల్సింది ఒక్కటే. ఏమీ కొనొద్దు. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకుని, మీ గంట చెమట ఎంతో కామెంట్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. విశాఖ వాళ్లదీ ఆదిలాబాద్ వాళ్లదీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా పరిగెత్తండి. బై!