జీలుగు కల్లు రుచి
విశాఖపట్టణము నుండి అరకు కొండదారి ఎక్కినచో, జడలవంటి గెలలు వ్రేలాడు జీలుగుచెట్లు మనకు కనబడును. గెల గీసి కుండ కట్టిన కల్లు ఉదయమున తీయన. ప్రొద్దెక్కిన కొలది పులిసి ఘాటెక్కును.

ఫ్రాన్సు దేశమున మేలైన బోర్డో ఎఱ్ఱ ద్రాక్షాసవమును సీసాలలో ఏండ్ల తరబడి దాతురు; అందలి వగరు క్రమముగా మెత్తబడును. జీలుగు కల్లు మరునాటికే చెడును. దాని పరిపాకమంతయు చెట్టులోనే. పది, పదునైదేండ్లు పెరిగినగాని జీలుగు పూయదు. పైనుండి క్రిందికి కొన్నియేండ్లు గెలలు వేసి, కడపటి గెలతో చచ్చును. మనము నేడు చవిచూచునది, ఆనాడొక గిరిజన రైతు నరకక విడిచిన మొక్క.

కనుక మేము కోరునది ఒక్కటే: గీసిన ప్రతి చెట్టునకు ఒక మొక్కను నాటవలెను.