కబురు రాని దినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఉద్యోగమునకై పోయి, నలుగురు అధికారుల యెదుట కూర్చుండి, అడిగినదానికెల్ల బదులు చెప్పి తిరిగివచ్చిన పిల్లవాడు నేడు ప్రతి వీథిలోను ఒకడు గలడు. ఆడపిల్లలును గలరు. వరంగల్లులోనో కాజీపేటలోనో రైలెక్కి హైదరాబాదు పోవుదురు. అరగంటసేపు ప్రశ్నలు జరుగును. లేచునప్పుడు "మంచిది, మేమే కబురు చేయుదుము" అని అచటివారందురు. పిల్లలు ఆ మాటను కొంగున ముడివేసికొని వత్తురు. ఇంటర్వ్యూలో ఎట్లు మాటలాడవలయునో నేర్పు పుస్తకములు మన బీరువాలో నాలుగైదు గలవు. దాని తరువాతి దినములు ఎట్లు గడపవలయునో చెప్పు పుస్తకము లేదు. నేటి ప్రసంగము ఆ దినములను గూర్చి.

ఉద్యోగము రాలేదని తెలిసినవాని దుఃఖమునకు హద్దు గలదు. వాడు రెండు దినములు ముఖము వ్రేలవేసికొని, మూడవనాడు మరియొక దరఖాస్తు వ్రాయును. కబురే రానివానికి ఆ మూడవనాడు రాదు. లెక్కలు వ్రాయువారు అనామతు ఖాతా యని యొకటి పెట్టుదురు. జమయో ఖర్చో తేలని సొమ్మును అందులో నుంచుదురు. సొమ్మునకు ఆకలి లేదు, వయస్సు మీరదు, ఎన్నాళ్లైనను అందుండగలదు. ఇరువదిరెండేండ్ల పిల్లవానిని అట్లుంచరాదు.

ఈ బాధ యెట్టిదో పోతనామాత్యునకు చక్కగా తెలియును. బమ్మెర 2016లో జిల్లాలు విడదీసినప్పుడు జనగామలోనికి పోయినది గాని, ఆయన మనవాడే. రుక్మిణీకల్యాణమును పెండ్లికాని పిల్లలచేత చదివించు ఆచారము గలదు. దరఖాస్తు పెట్టిన పిల్లలును చదువదగిన ఘట్టమొకటి అందున్నది. రుక్మిణి తన విన్నపమును అగ్నిద్యోతనుడను బ్రాహ్మణునితో ద్వారకకు పంపెను. ఇచట కుండిన నగరమున పెండ్లి పనులు సాగుచున్నవి. శిశుపాలుడు వచ్చి దిగినాడు. ద్వారకనుండి మాత్రము మాట లేదు. అప్పటి ఆమె తలంపులను వరుసగా చూడుడు. పోయినవాడు అసలు ద్వారక చూచెనా? నడక భారమై యెచటనైన ఆగిపోయెనా? విన్నపము చేరినను, ఆడది ఇట్లు చెప్పి పంపవచ్చునా యని స్వామి చిన్నచూపు చూచెనా? దేవతలే ప్రక్కకు తిరిగిరా? మొదట తప్పు దారిది, తరువాత విన్నపముది, కడకు తన నుదుటి వ్రాతది. తల్లికైనను మనసు విప్పదు. అన్నపానములు సహింపవు.

కబురు రాని పిల్లవాడును అచ్చముగా ఇట్లే దిగజారును. మొదటి వారము, వారికి పని యెక్కువ యనుకొనును. రెండవ వారము, ఫోను నంబరు తప్పు వ్రాసితినా యని కాగితము తిరుగవేయును. నెల గడచునప్పటికి, నా మొగమే అంత, నా యింగ్లీషే అంత అని తీర్పు చెప్పుకొనును. అధికారులు చెప్పని తీర్పును తానే చెప్పుకొనుచున్నాడు. అదియు ఏ అధికారియు చెప్పనంత కఠినముగా!

అయితే ద్వారకవారి మర్యాదను గూడ చూడవలయును. కృష్ణుడు తానే బయలుదేరి వచ్చెను. వచ్చువాడు వచ్చినప్పుడే తెలియునులే యని యూరకుండలేదు. ముందుగా అగ్నిద్యోతనుని రుక్మిణి కడకు పంపెను. వెలుగుచున్న అతని ముఖము చూడగానే ఆమెకు ప్రాణము లేచివచ్చెను.

కుచేలుని మాట వేరు. ద్వారకలో కాళ్లు కడిగించుకొని, ఆదరము పొంది, ఏమియు తెలియకయే తిరిగివచ్చుచు, ధనము చేరిన భక్తి తప్పునని కాబోలు స్వామి ఈయలేదని త్రోవ పొడుగునను సమాధానపడెను. మన పిల్లలును కంపెనీవారి తరఫున ఇట్టి సమాధానములే కల్పించుకొందురు. కంపెనీ యజమాని వాసుదేవుడు కాడు. ఇంటికి వచ్చి చూచునప్పటికి మేడలు వెలసియుండవు.

పురాణముల మాట యటుండనిండు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ నియామకములకు డి.యస్.సి. జరిగెను. వ్రాత పరీక్షయు, ఆపై ఇంటర్వ్యూయు నుండెను. అర్హత పొందియు మిగిలిపోయినవారు ఏండ్ల తరబడి తిరిగిరి. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారికి ఉద్యోగములీయ నిర్ణయించెను. 2023లో బడులలో చేరిరి. అప్పటికి పలువురు పదవీ విరమణ వయస్సునకు చేరువైరి. 2008 డి.యస్.సి.లో ఆగిపోయినవారికి తెలంగాణలో 2025 ఫిబ్రవరిలో ఒప్పంద పద్ధతిపై నియామకములు దొరకెను. పదునాఱేండ్లు! ఆ పదునాఱేండ్లు వారి యిండ్లలో ఎట్లు గడచెనో యే ప్రభుత్వోత్తరువులోను వ్రాయలేదు.

ఇంటర్వ్యూ తీసివేసిన నిరీక్షణ తీరునను వారు గలరు. గ్రూప్-1 సంగతి చూడుడు. 2022లో ఇంటర్వ్యూ తీసివేసి 503 ఉద్యోగములకు ప్రకటన చేసిరి. అక్టోబరులో తొలి పరీక్ష జరిగెను; ప్రశ్నపత్రములు బయటపడుటచే 2023 మార్చిలో రద్దాయెను. జూన్‌లో మరల జరిగెను. సెప్టెంబరులో హైకోర్టు దానిని రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములతో క్రొత్త ప్రకటన వచ్చెను. నియామక పత్రములు చేతికిచ్చినది 2025 సెప్టెంబరు 27న.

వందలకొలది దరఖాస్తులు వచ్చును, అందరికిని ఎట్లు వ్రాయుదుమని యజమానులందురు. దరఖాస్తు పెట్టిన ప్రతివానికి వ్రాయుమని యెవరును కోరరు. పిలిచి, కూర్చుండబెట్టి, అరగంట ప్రశ్నించినవాని సంగతి వేరు. వాడు దారిఖర్చు పెట్టుకొని వచ్చినాడు. ప్రశ్నించుటకు తీరిక గలవానికి "లేదు" అను రెండక్షరములు పంప తీరిక లేదా? ఒకప్పుడు కార్డుముక్కకు డబ్బులు కావలసియుండెను. నేడు ఫోనులో పంపుట కాసు ఖర్చు లేని పని.

1912 ఫిబ్రవరి 9న శ్రీనివాస రామానుజము మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు వ్రాసెను. మార్చి 1 నాటికి నెలకు 30 రూపాయల జీతముపై లెక్కల శాఖలో కూర్చుండెను. ఆ బల్ల దగ్గరనుండియే 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి తన గణితమును వ్రాసి పంపెను. హార్డీ జవాబుపై తేదీ ఫిబ్రవరి 8. ఉత్తరములు ఓడలమీద పోవు కాలమది! అంతకుముందు ఇంగ్లండులోని ఇద్దరు పండితులు ఆదరింపనివాడీ గుమాస్తా. హార్డీయు ఊరకుండినచో ఏమగునో తలచుటకే భయము వేయును.

ప్రభుత్వ కార్యాలయమైనచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవచ్చును. సామాన్యముగా 30 దినములలో బదులీయవలయును. ప్రైవేటు కంపెనీలపై అట్టి కట్టడి లేదు. లేచి వచ్చునప్పుడే "ఏ తేదీలోగా తెలుపుదురు?" అని వినయముగా అడిగి, ఆ తేదీ దాటిన ఒకమారు వ్రాసి, తక్కిన దరఖాస్తులు మానక పెట్టుచుండుట మంచిది. ఇంటివారును, రచ్చబండపైనివారును "కబురు వచ్చెనా?" యని దినమునకు నాలుగుమార్లు అడుగుట మానవలయును. వచ్చినచో వాడే చెప్పును గదా!

కబురు రాని యింటిని వెదకుకొని వచ్చు దళారి యొకడు గలడు. మీ పేరు జాబితాలో నున్నది, ఇంత కట్టిన ఆర్డరు చేతికి వచ్చునని ఫోనులో చెప్పును. నెలల తరబడి ఒక్క మాటకై కాచియున్నవారికి ఆ మాట అమృతమువలె నుండును. పొలము కుదువబెట్టియైనను కట్టుదురు. కట్టవలదు. ఒకవేళ ఫోనుద్వారా సొమ్ము పోయినచో తడయక 1930 అను నంబరునకు తెలుపవలయును.

గ్రంథాలయ సంఘమువారికి ఒక విన్నపము. పత్రికల బల్లపై ఒక లెక్కపుస్తకము పెట్టింపుడు. అందు ఐదు గడులు: కార్యాలయము పేరు, దరఖాస్తు తేదీ, ఇంటర్వ్యూ తేదీ, కబురు చేయుదుమన్న తేదీ, కబురు వచ్చిన తేదీ. పిల్లల పేర్లు వ్రాయనక్కరలేదు. ఒకే కార్యాలయమునకు ఐదవ గడి నాలుగుమార్లు ఖాళీగా నున్నచో, తరువాత పోవువాడు చూచుకొనును. ఆ ఖాళీ తన మొగము వలన వచ్చినది కాదని ముందు పోయినవాడును చూచుకొనును. పుస్తకమునకు తాళము పెట్టవలదు.