టికెట్టు మీద టైము

అక్కల్లారా! మన నరసాపురం వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు పనికోసం కువైట్ వెళ్తున్నారు. హైదరాబాద్ నుంచి కువైట్ సుమారు 3,400 కిలోమీటర్లు. మధ్యలో ఆగకపోతే విమానంలో దాదాపు 5 గంటలు.

మీ అమ్మాయి టికెట్టు మీద ఇలా ఉందనుకోండి: బయలుదేరేది రాత్రి 10:00. దిగేది రాత్రి 12:30. అంటే ప్రయాణం రెండున్నర గంటలేనా? కాదండి. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. కువైట్ మనకి పడమర. అక్కడ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. అందుకే వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ 12:30 అయితే మన ఇంట్లో తెల్లవారుజాము 3:00.

కాబట్టి 12:30కి ఫోను రాలేదని కంగారుపడి ఏడవకండి. అమ్మాయి ఇంకా ఆకాశంలోనే ఉంది. 3 దాటాక ఎదురుచూడండి.

టికెట్టు ఎవరో చదివి చెప్పాలా? ఆ అంకెలు మీకు వచ్చు. మీరే చదవండి.