అతిసార రోగి శయ్యయొద్ద నర్సు చూడవలసినవి

(నర్సింగు విద్యార్థినీ విద్యార్థుల సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



పరీక్షలు సమీపించుచున్నవి గావున ముఖ్యవిషయములను గూర్చి కొంత చెప్పవలసినదని మీ అధ్యాపకులు నన్ను కోరిరి. ముఖ్యవిషయములు పెక్కు గలవు. అన్నిటిని స్పృశించి దేనిని తెలియజేయకుండుటకంటె ఒక్కదానిని నిలిపి చెప్పుట మేలని తలంచి, అతిసారమును, దానియందు మిక్కిలి తీవ్రమగు కలరాను ఎన్నుకొంటిని. ఈ వ్యాధియందు ప్రాణము తీయునది ముఖ్యముగా శరీరమునుండి వెడలిపోవు నీరును ఉప్పునే. ఎంత పోయెనో కనిపెట్టి సకాలమున మరల నింపినచో రోగులలో ఇంచుమించుగా అందరును బ్రదుకుదురు. కనిపెట్టు పని వైద్యునికంటె శయ్యయొద్ద నుండు నర్సునకే ఎక్కువ సాధ్యము.

మొదట బిడ్డ వాలకమును చూడుడు. చికాకుపడుచు ఏడ్చుచున్నదా, లేక మగతగా పడియుండి పిలిచినను కదలకున్నదా? రెండవది కన్నులు. గుంటలు పడినట్లు తోచినచో, ఎప్పుడును అట్లే యుండునా యని తల్లి నడుగుడు. ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. మూడవది దాహము. గిన్నె చూపగనే ఆత్రముతో త్రాగుట యొక స్థితి. త్రాగలేకపోవుట వేరొక స్థితి, అది ప్రమాదకరము. నాలుగవది చర్మము. బొడ్డునకును ప్రక్కకును నడుమ పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో పైకెత్తి విడువవలెను. మడత మెల్లగా సర్దుకొన్నచో కొంత నీరు పోయినది. రెండు సెకనులకు మించి నిలిచినచో చాల పోయినది. మగత, గుంటకన్నులు, త్రాగలేకపోవుట, నిలుచు మడత, వీనిలో ఏ రెండున్నను తీవ్రస్థితి యని ఎంచవలెను. చిక్కి శల్యమైన బిడ్డకు నీరు పోకున్నను మడత నిలుచును. బొద్దుబిడ్డకు నీరు పోయినను నిలువకపోవచ్చును. పరీక్షకులు మిమ్ము ఇచ్చటనే పట్టుకొందురు. వారు వదలినను రోగము వదలదు.

ఇక లెక్క. కొంత నీరు పోయిన బిడ్డకు బరువులో ప్రతి కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్ ద్రావణమును నాలుగు గంటలలో నోటిద్వారా ఇయ్యవలెను. ఎనిమిది కిలోల బిడ్డకు ఇది 600 మిల్లీలీటర్లు. తీవ్రస్థితియందు సిరలోనికి రింగర్ లాక్టేటు ఎక్కింపవలెను. కిలోకు 100 మిల్లీలీటర్లు మొత్తము; ఏడాది నిండని బిడ్డకు అందు 30 మొదటి గంటలోను, 70 తరువాతి అయిదు గంటలలోను. పెద్దవారికి అదియే అరగంటలోను, రెండున్నర గంటలలోను పోవలెను. ఎనిమిది కిలోల పసిబిడ్డకు మొదటి గంటలో 240, పిమ్మట 560. మిల్లీలీటరునకు ఇరువది చుక్కలు రాల్చు గొట్టమైనచో నిమిషమునకు మొదట 80 చుక్కలు, పిదప సుమారు 37. తిండిలేక శల్యమైన బిడ్డకు ఈ లెక్క వర్తింపదు. వానికి మెల్లగా నోటితోనే పోయవలెను, శరీరము చల్లబడి నాడి క్షీణించిన విపత్తునందు తప్ప సూది పనికిరాదు.

నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో ఒక రాత్రి చుక్కలను సరిగానే లెక్కించి, సీసాను వ్రేలాడదీసి, వేరొక రోగియొద్దకు పోతిని. గంట గడచి వచ్చి చూడగా సూది సిరనుండి జారి బిడ్డ చేయి ఉబ్బియుండెను. మణికట్టున నాడి అందలేదు. లెక్క తప్పలేదు, చూచుట తప్పినది. వేరొక సిర దొరకినది గనుక ఆ బిడ్డ బ్రదికెను. అందుచేత, మణికట్టు నాడి బలముగా తగులువరకు పావుగంటకో అరగంటకో ఒకసారి రోగిని చూడవలెను. 30 భాగము పోసినను నాడి అందనిచో ఆ భాగమునే మరల ఇయ్యవలెను. శ్వాస వేగమగుచున్నదా, కనురెప్పలు ఉబ్బుచున్నవా యని కూడ కనిపెట్టవలెను. ఆ గురుతులు నీరు మితిమీరుటకు తొలి హెచ్చరికలు కావచ్చును.

సిరలోనికి ఎక్కించుటయే గొప్పదనియు, నోటిద్వారా ఇచ్చుట పేదల చికిత్సయనియు తలంచువారు నేటికిని గలరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వంగదేశపు సరిహద్దుననున్న బన్‌గావ్ చేరగా కలరా చెలరేగెను. సీసాలు అయిపోవచ్చెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహాలనాబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోసు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, కుళాయిలుగల పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగునకు లోపునకు దిగెను. కలరా విషము ప్రేగును ఎంత పాడుచేసినను, గ్లూకోసుతో కూడ ఉప్పును లోనికి తీసికొను ద్వారము మూతపడదు. ఉప్పువెంట నీరు వచ్చును. ఇది ఎరిగినచో సూత్రమును వల్లెవేయ నక్కరలేదు.

పొట్లమును పూర్తిగా ఒక లీటరు నీటిలోనే కలుపవలెను. తక్కువ నీట కలిపినచో ఉప్పు హెచ్చి బిడ్డకు కీడు కలుగును. అరపొట్లము చేయుట అసలే కూడదు. ఇంటి గ్లాసు ఎంతదో మొదట కొలిచి చూపుడు. 200 మిల్లీలీటర్లదైనచో అయిదు గ్లాసులు. ఇరువదినాలుగు గంటలు దాటిన ద్రావణమును పారబోయవలెను. బిడ్డ వాంతి చేసికొన్నచో తల్లి భయపడి మానివేయును. పది నిమిషములు ఆగి, రెండుమూడు నిమిషములకొక చెంచా చొప్పున మరల మొదలిడవలసినదని చెప్పుడు. చనుబాలు ఆపరాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు 10 నుండి 14 దినములవరకు ఇయ్యవలెను. విరేచనములు కట్టగనే మానరాదు. తల్లి స్వయముగా ఒకసారి కలిపి, చెంచాతో త్రాగించి చూపినపిదపనే బిడ్డను ఇంటికి పంపుడు.